లేవమన్నా లేవకండి

మెట్లక్క కౌన్సిలరై ఏడాది తిరక్కముందే, ఆమె ఇరవై రెండేళ్ళు అద్దెకున్న భవనం మెట్ల మీద ఆమెకి వ్యతిరేకంగా నలభై మూడు మంది కూర్చున్నారు. కూర్చోబెట్టింది పరాయివాళ్ళు కాదు, స్వయానా తోడబుట్టిన అక్క. ఇందులో వింతేమీ లేదు. అలా కూర్చోవడం వాళ్ళందరికీ నేర్పింది మెట్లక్కే.

ఆమెకి అసలు పేరొకటి ఉంది. ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా ఎవరూ దాన్ని వాడరు. అప్పట్లో ఆమె కుట్టుపని చేసేది. కొత్త బట్టలు కాదు. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, ఊడిన హుక్కులు, చిరిగిన జేబులు. రెండో అంతస్తులో పద్నాలుగో నంబరు గది, కిటికీ పక్కన మిషను. అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. డ్యూటీ అంతా నిలబడే ఉద్యోగం కావడంతో నలభై నిండకుండానే ఆవిడ మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. భవనంలో మొత్తం ముప్పై ఒక్క వాటాలు, మూడు అంతస్తులు, ఎక్కడానికీ దిగడానికీ ఒకే ఒక్క మెట్లదారి. అదీ ఎంత ఇరుకంటే, ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకి అంటుకుపోవాలి.

ఒక రోజు ఓనరు భవనం ఖాళీ చేయించడానికి హమాలీలని వెంటబెట్టుకుని వచ్చాడు. అందరూ కాళ్ళూ చేతులూ ఆడక అటూ ఇటూ పరిగెడుతుంటే, మెట్లక్క మాత్రం మిషను ముందు నుంచి లేచి వెళ్ళి మూడో మెట్టు మీద కూర్చుంది. మంచం దిగాలన్నా బీరువా దిగాలన్నా ఈ మెట్ల మీంచే దిగాలి కదా, మెట్టుకొక మనిషి కూర్చుంటే ఎలా దింపుతారో చూద్దాం అంది. అంతే. మెట్టుకొకరు చొప్పున కూర్చున్నారు. హమాలీలు సాయంత్రం దాకా బీడీలు కాల్చి వెళ్ళిపోయారు. మూడో అంతస్తులో ఉండే ప్లంబరు తన స్పానరు ఇస్తే, ఆమె దాంతో ఇనుప రెయిలింగు మీద మూడుసార్లు కొట్టింది. అప్పుడు లేచారు. ఆ రోజు నుంచి ఆమె మెట్లక్క.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఊళ్ళో ఎక్కడ అద్దెవాళ్ళకి కష్టమొచ్చినా మెట్లక్కకి కబురొచ్చేది. వెళ్ళేది, మెట్లు లెక్కపెట్టేది, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది. ఆమె దగ్గర కొన్ని పద్ధతులున్నాయి. ఆఫీసు మనిషి వస్తే కాలు కూడా ముడవకూడదు, దారివ్వకూడదు. కాగితం చేతిలో పెడితే రెండు వైపులా చదవాలి, తేదీ లేకపోతే అది కాగితమే కాదు. ‘ప్రమాదకర భవనం’ అని నోటీసు అంటిస్తే అస్సలు నమ్మకూడదు. ఓనర్లందరూ చివరికి పట్టుకొచ్చేది ఆ కాగితమే. అన్నిటికంటే ముఖ్యమైంది స్పానరు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు అందరికంటే కింది మెట్టు మీద కూర్చోవాలి, అందరికంటే చివర లేవాలి. రెయిలింగు మీద మూడు దెబ్బలు పడేదాకా ఎవరు చెప్పినా లేవకూడదు.

“నేను వచ్చి లేవమన్నా లేవకండి,” అనేది ఆమె. “నన్ను ఏ గదిలోనో కూర్చోబెట్టి, భయపెట్టో బతిమాలో చెప్పిస్తారు. ఆఫీసు లోపలికి వెళ్ళొచ్చిన మనిషి మాట మనిషి మాట కాదు.”

జనం నవ్వేవాళ్ళు. కానీ గుర్తుపెట్టుకునేవాళ్ళు.

ఎన్నికల్లో నిలబడమని వాళ్ళే పోరుపెట్టారు. గెలిపించారు. గెలిచాక పొద్దున్నే ఆరింటి నుంచి పద్నాలుగో నంబరు తలుపు ముందు జనం. రాత్రి డ్యూటీ చేసొచ్చే అక్కకి కంటి మీద కునుకు లేకుండా పోయింది. అందుకని మెట్లక్క వార్డు ఆఫీసు పైనున్న రెండు గదుల్లోకి మారింది. అక్క కోసమే మారింది. అక్క మాత్రం ఆ మాట చెవిన వేసుకోలేదు.

“ఇల్లు ఖాళీ చెయ్యొద్దని ఊరందరికీ చెప్పి, తను ఖాళీ చేసిపోయింది మా చెల్లెలు,” అని కనిపించిన వాళ్ళందరితో అనేది. వెళ్ళే రోజు మెట్లక్క స్పానరు అక్క చేతిలోనే పెట్టింది. ఆవిడ దాన్ని పోపుల డబ్బా పక్కన పెట్టుకుంది.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

ఆ సోమవారం పొద్దున, మెట్లక్క అధ్యక్షురాలిగా ఉన్న భవనాల కమిటీ ముందుకి ఇంజనీరు ఆ పాత భవనం గురించి ఒక రిపోర్టు తెచ్చాడు. కుర్రవాడే అయినా పని తెలిసినవాడు. టాంకు నుంచి కారిన నీళ్ళు ఏళ్ళ తరబడి గోడలోకి ఇంకి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్లు మలుపు తిరిగేచోట లోపలి ఇనుమంతా తుప్పుపట్టిపోయిందట. మెట్లక్క ముందు నమ్మలేదు. ఓనరు నీకేమిచ్చాడని మొహం మీదే అడిగింది. అతను కోపం తెచ్చుకోకుండా ఆమెని భవనానికి తీసుకెళ్ళి, మలుపు కింద పెచ్చు ఊడదీసి చూపించాడు. వేలితో గీకితే ఇనుము పొడిగా రాలింది.

“ఒకరూ ఇద్దరూ ఎక్కి దిగితే ఇంకొన్నాళ్ళు ఆగుతుంది మేడమ్,” అన్నాడు ఇంజనీరు. “ఒకేసారి పదిమంది బరువు పడితే మాత్రం నేను పూచీ ఉండను.”

ఆమె తిన్నగా కమిటీకి తిరిగొచ్చి ఖాళీ చేయించే ఉత్తర్వు మీద సంతకం పెట్టింది. బాగుచేశాక అదే అద్దెకి అదే వాటాల్లోకి తిరిగి తీసుకోవాలన్న మాట అందులో లేదు. ఆమె అడక్కపోలేదు. అడిగింది. అది రాయాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి, రెండు వారాలు పడుతుంది, ఈలోగా కొంపలంటుకుంటే ఎవరిది బాధ్యత అన్నాడు కమిషనరు. ముందు ప్రాణాలు, తర్వాత రాతలు అనుకుని ఆమె ఊరుకుంది. సాయంత్రం తనే వెళ్ళి అందరికీ నచ్చజెప్పుకుందామనుకుంది.

అక్కడే పప్పులో కాలేసింది. ఆఫీసులో ఏ కాగితమైనా నెలల తరబడి కదలదని ఆమెకి తెలుసు. ఆ కాగితం మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళి గోడకి అంటుకుంది. ‘ప్రమాదకర భవనం’ అని పెద్దక్షరాలు. అడుగున ఆమె సంతకం.

ఆమె వెళ్ళేసరికి మెట్లు నిండిపోయాయి.

కింది మెట్టు మీద అక్క. ఒళ్ళో స్పానరు. ఆవిడ వెనక మెట్టుకొకరు చొప్పున, చీకట్లోకి పోయే మెట్లవరస పొడుగునా, మలుపు మీద ముగ్గురు, ఆ పైన ప్లంబరు. అందరూ మెట్లక్కకి తెలిసిన మొహాలే. ఎవరెవరు ఏ మెట్టు మీద కూర్చోవాలో పదిహేనేళ్ళ కిందట తనే చెప్పింది. ఇన్నాళ్ళకీ ఎవరి చోట్లో వాళ్ళున్నారు. అది చూసి ఆమెకి గర్వంగా అనిపించింది, ఆ వెంటనే భయమేసింది.

“అక్కా, మెట్లు కూలేలా ఉన్నాయి. అందరూ దిగండి,” అంది.

“అలాగా,” అంది అక్క. “కౌన్సిలర్ గారు చెప్పడానికి వచ్చారా?”

“వెటకారం తర్వాత చేద్దువుగాని. ముందు లే.”

“నువ్వు లేవమన్నా లేవొద్దని ఎవరు చెప్పారే మాకు?”

మెట్ల మీద నవ్వు వినిపించింది. ఆ నవ్వు పైదాకా పాకింది.

ఇంజనీరు వెనకే వచ్చాడు. పెచ్చు ఊడదీసిన చోటు చూపిస్తానన్నాడు. “ప్రతి ఓనరూ ఓ ఇంజనీరుని తెస్తాడు నాయనా, నువ్వేం కొత్తవాడివి కాదు,” అంది అక్క. అతని మొహం పాలిపోయి ఉంది. మెట్లక్క చెవిలో, మలుపు మీద ముగ్గురున్నారు మేడమ్, ముగ్గురు, అని గొణిగాడు.

ఆమె మెడ సారించి పైకి పిలిచింది. “ప్లంబరూ! నీకు గోడల సంగతి తెలుసు కదా. నువ్వు చెప్పు. నీ పక్కన గోడ తడిగా ఉందా లేదా?”

“ఉందక్కా.”

“విన్నారా!”

“ఇరవై ఏళ్ళుగా తడిగానే ఉందక్కా. నువ్వున్నప్పుడూ తడే.”

మళ్ళీ నవ్వులు. ఎవరో నవ్వుతూ వెనక్కి వాలారు కాబోలు, పైన ఎక్కడో చిన్న పెచ్చు ఊడి, మెట్టు మెట్టునా తగులుతూ కిందికొచ్చి అక్క చెప్పు పక్కన ఆగింది. అక్క దాన్ని చూసింది. చూసి, కాలితో పక్కకి తోసేసింది. ఆ భవనంలో పెచ్చులు ఊడటం వాళ్ళకి కొత్త కాదు.

మెట్లక్కకి ఏడుపొచ్చింది. పైకి ఎక్కి ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లాగుదామనుకుంది గానీ, తను ఎక్కితే ఇంకో మనిషి బరువు. పోలీసుల్ని పిలిస్తే, వాళ్ళు బూట్లతో పైకెక్కి పెనుగులాడితే, అప్పుడు కూలక మానదు. నోరు తప్ప ఇంకేమీ లేదు ఆమె దగ్గర. ఆ నోటిని నమ్మొద్దని కూడా ముందే చెప్పి పెట్టింది.

గోడ మీది నోటీసు వైపు చూసింది. ఆ సంతకం తనదే. అప్పుడు ఒక సంగతి తట్టింది. వీళ్ళకి మెట్లు కూలతాయన్న భయం లేదు. దిగితే మళ్ళీ ఎక్కనివ్వరన్నదే భయం. తను ఇంతసేపూ వాళ్ళకి లేని భయం గురించి మాట్లాడుతోంది.

“అక్కా,” అంది, ఈసారి అరవకుండా. “ఆ కాగితం చదివావా?”

“రెండు వైపులా చదివాను.”

“తిరిగి తీసుకుంటామని ఎక్కడైనా ఉందా?”

“లేదు.”

“లేదు. ఎందుకు లేదో తెలుసా? నేనే వదిలేశాను. కమిషనరు రెండు వారాలు పడుతుందన్నాడు, నేను సరేనన్నాను. నన్నెవరూ భయపెట్టలేదు, బతిమాలలేదు. తొందరపడ్డాను. తప్పు నాదే.”

ఇన్నేళ్ళుగా ఆ మెట్ల ముందు నిలబడ్డ ఆఫీసు మనుషులు బెదిరించారు, ఆశపెట్టారు, ఓనరు మీదికో రూలు మీదికో తోశారు. తప్పు నాదే అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

అక్క కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. “అయితే ఇది ఓనరు పని కాదు.”

“కాదు.”

“నీ పని.”

“నా పనే. ఆ మెట్లు ఓనరువి, ఇక్కడ మీరు ఏడాది కూర్చున్నా అతనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. సంతకం నాది. కాగితం మార్చాల్సింది కౌన్సిలు. నేను మిమ్మల్ని లేవమనడం లేదక్కా. చోటు మారమంటున్నాను. కౌన్సిల్ భవనానికి ముందు మెట్లున్నాయి. వెడల్పుగా ఉంటాయి, రాతివి. వచ్చి అక్కడ నాకు వ్యతిరేకంగా కూర్చోండి.”

అక్క చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. చిన్నప్పుడు అబద్ధమాడిందో లేదో తేల్చుకోవడానికి కూడా ఇలాగే చూసేది.

“మేం లేవట్లేదు,” అంది చివరికి. “చోటు మారుతున్నాం. అది రాసుకో.”

స్పానరు ఎత్తి రెయిలింగు మీద మూడుసార్లు కొట్టింది. మెల్లగానే కొట్టింది.

ఇంజనీరు చెప్పినట్టు ఒక్కొక్కరే దిగారు, ముందు కిందివాళ్ళు, తర్వాత పైవాళ్ళు. స్పానరు పట్టుకున్న మనిషి చివర లేవాలి కాబట్టి అక్క అక్కడే కూర్చుంది. నలభై రెండు మంది ఆవిడని రాసుకుంటూ పక్కనుంచి దిగారు. మెట్లక్క లెక్కపెడుతూ నిలబడింది. మలుపు మీది ముగ్గురూ దిగేదాకా ఊపిరి తీసుకోలేదు. ప్లంబరు ఆఖరున వచ్చాడు, చేతిలో పంజరంతో సహా. గదిలో పెంచుకుంటున్న చిలకని వదిలి రాలేదు. అతను కిందికొచ్చాక అక్క రెయిలింగు పట్టుకుని, మూలుగుతూ, తనంతట తనే లేచింది. చెల్లెలు చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

మర్నాటి నుంచి అందరూ కౌన్సిల్ మెట్ల మీద. పడుకోవడానికి బడి హాలు ఇచ్చారు. తెల్లారగానే వచ్చి కూర్చునేవాళ్ళు. పదింటికి మెట్లక్క వచ్చింది. కింది మెట్టు మీద అక్క కాళ్ళు చాపుకుని ఉంది.

“కాస్త జరగక్కా, మీటింగుంది.”

అక్క కాలు కూడా ముడవలేదు. ఆఫీసు మనిషికి దారివ్వకూడదు కదా మరి. మెట్లక్క ఇంకేమీ అనకుండా భవనం చుట్టూ తిరిగి, చెత్తడబ్బాల పక్కనున్న చిన్న తలుపులోంచి లోపలికి వెళ్ళింది. ఒకప్పుడు ఓనర్ల మనుషులు ఆ తలుపులోంచే వచ్చేవాళ్ళు. దొంగదారిన పోతారా అని ఆమె అక్కడ నిలబడి గొంతు పోయేలా అరిచిన రోజులున్నాయి.

నాలుగో రోజు పొద్దున పదకొండింటికి పాత భవనంలో మెట్ల మలుపు కూలింది. ఎవరూ తొక్కలేదు, ఎవరూ తోయలేదు. దానంతటదే కూలి, పక్క గోడనీ, పైనా కిందా ఉన్న మెట్ల వరసల్నీ కూడా తీసుకుపోయింది. సామాన్లు చూసుకోవడానికి వెళ్ళిన ప్లంబరు వీధిలోంచి ఆ చప్పుడు విని, పరుగున వచ్చి చెప్పాడు. తను ఎక్కడ కూర్చున్నాడో అక్కడ ఇప్పుడు ఆకాశం కనిపిస్తోందన్నాడు. మధ్యాహ్నం మెట్లక్క చిన్న తలుపులోంచి బయటికి వచ్చి, చుట్టూ తిరిగి, వాళ్ళ ముందు నిలబడింది.

“నిజమే చెప్పావన్నమాట,” అంది అక్క.

“ఊఁ.”

“మంచిది. మరి కాగితం?”

తీర్మానం కోసం మూడు మీటింగులు జరిగాయి. మెట్లక్క మూడింటిలోనూ మాట్లాడింది, బాగానే మాట్లాడింది. అయితే నిజం చెప్పుకోవాలంటే ఆమె ఉపన్యాసం కంటే చెత్తడబ్బాలే ఎక్కువ పనిచేశాయి. మేయరుతో సహా అందరూ వారం రోజులుగా ముక్కు మూసుకుని చిన్న తలుపులోంచే వస్తున్నారు. తొమ్మిదో రోజున పదమూడు చేతులు లేచాయి, వ్యతిరేకంగా తొమ్మిది. ఓనరు మెట్లు కట్టించాలి, ముప్పై ఒక్క వాటాల వాళ్ళనీ అదే అద్దెకి తిరిగి తీసుకోవాలి.

మెట్లక్క కాగితం తీసుకుని ముందు తలుపులోంచి బయటికి వచ్చింది. వెనక నుంచి రావడంతో మెట్ల మీది వాళ్ళ వీపులు కనిపించాయి. ఎవరూ జరగలేదు. సందు చూసుకుంటూ, పడిపోకుండా వాళ్ళ భుజాలు పట్టుకుంటూ కిందికి దిగి, అక్క చేతిలో కాగితం పెట్టింది. అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. తిప్పి వెనక కూడా చూసింది.

“తేదీ ఏదీ?”

మెట్లక్క వంగి చూసింది. సంతకాలున్నాయి, ముద్ర ఉంది. తేదీ వేయాల్సిన చోట ఖాళీ. పద్నాలుగేళ్ళు ఊరంతా తిరిగి అందరికీ నేర్పిన పాఠమే తను మర్చిపోయి వచ్చింది.

“వేయించుకొస్తాను,” అంది.

గుమస్తా భోజనానికి వెళ్ళాడు. అతని బల్ల ముందు ముప్పావు గంట నిలబడి, తేదీ వేయించి, మళ్ళీ అవే భుజాలు పట్టుకుంటూ దిగి వచ్చింది. అక్క మళ్ళీ మొదటి వరస నుంచీ చదివింది. తేదీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. కౌన్సిల్ మెట్ల పక్కనున్న స్టీలు కమ్మీ మీద స్పానరుతో మూడుసార్లు కొట్టింది.

జనం లేచారు. నడుములు విరుచుకుంటూ, చాపలు చుట్టుకుంటూ, ఒకరి చెప్పులు ఒకరు తొడుక్కుని తిట్టుకుంటూ లేచారు. అక్క మాత్రం లేవలేదు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి మళ్ళీ కూలబడింది. తొమ్మిది రోజులు రాతి మీద కూర్చున్న మోకాళ్ళు.

“ఏమే, అలా చూస్తూ నిలబడతావేం?” అంది, చెయ్యి చాచి. “లేపు.”